అత్తగారి అల్లిక మెషీను, నోటు పుస్తకంలో "పట్టీ 70–42" అని ఉంది, ఎవరికైనా అర్థమవుతుందా?

సునాబెడ_కోడలు · జనవరి 3, రాత్రి 9:52

అందరికీ నమస్కారం అండి. ఇన్నాళ్లూ చదువుకుని వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు. మేం ఒడిశాలోని సునాబెడలో ఉంటాం, మామయ్యగారు ఇక్కడి విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యారు, అసలు ఊరు పార్వతీపురం దగ్గర. అత్తయ్యగారు పోయిన ఆషాఢంలో కాలం చేశారు. మొన్న సంక్రాంతి దులుపుళ్లకి మంచం కింద సర్దుతుంటే ఒక పొడుగాటి పెట్టె బయటికొచ్చింది, తెరిస్తే ఆవిడ స్వెట్టర్లు అల్లే మెషీను. బ్రదర్ కేహెచ్-860. 1987లో ఆవిడ తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిచ్చారట, మావారు పదో క్లాసు దాకా వేసుకున్న స్వెట్టర్లన్నీ దాని మీద అల్లినవేనట.

నాకు చేత్తో అల్లడం వచ్చు గానీ మెషీను ఎప్పుడూ ముట్టుకోలేదు. టేబుల్‌కి బిగించి ఊలు పెట్టి క్యారేజీ (సూదుల మీద అటూ ఇటూ లాగే పిడి ఉన్న భాగం) లాగితే పది పన్నెండు సూదులు దాటేసరికి గట్టిగా పట్టేస్తోంది, ఇంకాస్త లాగితే కుట్లన్నీ జలజలా రాలిపోతున్నాయి. ఇక్కడ ఒకాయనకి చూపిస్తే దీని పనైపోయిందమ్మా తూకానికి వేసెయ్యండి అన్నారు. ఆ మాట వినేసరికి నాకు కడుపులో తిప్పేసినట్టయింది. పాపకి ఆరేళ్లు, నాయనమ్మ మెషీను మీద స్వెట్టరే కావాలని పట్టుకు కూర్చుంది. ఇక్కడి చలి తెలిసిందే కదా, పొద్దున ఎనిమిదింటికి కూడా మంచు విడవదు.

పెట్టెలో ఒక నోటు పుస్తకం కూడా ఉంది, ఆవిడ చేతిరాతే, నిండా అంకెలే. అది తర్వాత పెడతాను. ముందు ఈ మెషీను బతుకుతుందా లేదా చెప్పండి.

రాయగడ_మిషన్_షాపు · జనవరి 3, రాత్రి 10:31

అమ్మా ముందు ఆ క్యారేజీ లాగడం ఆపీయండి. బలం పెడితే సూదులు వంగిపోతాయి, అప్పుడు నిజంగానే పనైపోద్ది.

నాను కుట్టుమిషన్ల మెకానిక్కుని, ముప్పై ఏళ్లనుంచి ఇదే పని. అల్లిక మిషన్లు నా సేతికి ఓ పాతిక దాకా వచ్చుంటాయి, పేపరుమిల్లు క్వార్టర్ల నుంచీ తెరుబలి నుంచీ. అందులో బాగుపడనివి రెండో మూడో. మిగతావాటన్నిటికీ ఒకటే రోగం. సూదుల మీద అడ్డంగా ఈ సివర్నుంచి ఆ సివరదాకా సన్నటి ఇనుప పట్టీ ఒకటి ఉంటాది సూడండి, దాని పొట్టలో స్పాంజి ఉంటాది. ఆ స్పాంజే సూదుల్ని కిందకి నొక్కి పట్టుకుంటాది. ఇన్నేళ్లకి అది పిండైపోయి ఉంటాది. అప్పుడు సూది తలెత్తేస్తాది, క్యారేజీ వచ్చి దాన్ని గుద్దుకుంటాది, మిషన్ పట్టేసిందని మనం అనుకుంటాం.

పరీక్ష ఎలాగంటే, ఒక సూది కొక్కేన్ని వేలితో కాస్త పైకెత్తి ఒగ్గేయండి. టప్పుమని కూకుంటే స్పాంజి మంచిదే. ఎత్తినకాడే ఉండిపోయిందంటే స్పాంజి పోయినట్టు. పట్టీని ఒక సివర స్కేలు ముక్కతో తోస్తే రెండో పక్కనుంచి బయటికొచ్చేస్తాది, పట్టకారుతో పట్టుకుని నెమ్మదిగా లాగండి. లాగి ఫొటో పెట్టండి. ఆ తూకం మాట మర్సిపోండి.

జయపురం_పెద్దమ్మ · జనవరి 4, ఉదయం 6:15

రాయగడ తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. అమ్మాయ్, నాకు 71 ఏళ్లు, నా మెషీనుకి ఇప్పటికి మూడుసార్లు స్పాంజి మార్చాను. మొదటిసారి పాడైనప్పుడు నాకూ తెలీక రెండేళ్లు మూలన పెట్టేశాను, ఆ రెండేళ్లూ ఇప్పటికీ బాధే, మా చిన్నమ్మాయి సరిగ్గా అప్పుడే చిన్నపిల్ల, దానికి ఒక్క స్వెట్టరూ అల్లలేకపోయాను. అప్పుడు అడగడానికి ఎవరున్నారు, ఉత్తరం రాసి మద్రాసులో ఎవరో ఉన్నారంటే వాళ్లకి పంపిస్తే జవాబే లేదు. ఇప్పుడు నువ్వు రాత్రి అడిగితే గంట తిరక్కుండా జవాబొచ్చింది చూడు.

స్పాంజి తీసేటప్పుడు కింద పాత పేపరు పరుచుకో. ఆ జిగురు బట్టకి అంటితే వదలదు.

సునాబెడ_కోడలు · జనవరి 4, మధ్యాహ్నం 2:40

తీశానండి. స్పాంజి అనడానికి ఏమీ లేదు, పాకం ముదిరిన బెల్లంలా నల్లగా జిగటగా పట్టీ పొడుగూతా అతుక్కుపోయి ఉంది. వేలితో ముట్టుకుంటే తీగలు సాగుతోంది. కొన్ని సూదుల మెడకి కూడా అంటుకుంది. ఎత్తిన సూది ఎత్తినట్టే ఉండిపోయింది, మీరు చెప్పినట్టే.

ఏడుపొచ్చింది నిజంగా, కానీ మంచి ఏడుపు. మెషీను బాగానే ఉందన్నమాట.

రాయగడ_మిషన్_షాపు · జనవరి 4, సాయంత్రం 5:05

ఆ, అదే. ఇప్పుడు ఓపిగ్గా సేయండి, రెండ్రోజుల పని.

సూదులన్నీ తీసీయండి. మొత్తం 200 ఉండాలి. కిరసనాయిల్లో ఒక రాత్రి నానబెట్టి పాత టూత్‌బ్రష్షుతో తోమి, గుడ్డతో పొడిగా తుడిసీయండి. తుడిసేటప్పుడు ఒక్కో సూదినీ సూడండి, కొక్కెం కింద సిన్న నాలుక ఉంటాది, అది అటూఇటూ అడ్డం లేకుండా వాలాలి, మూసినప్పుడు కొక్కెం మధ్యన కూకోవాలి. నాలుక బిగిసిపోయినవి, పక్కకి ఒరిగినవి, కొక్కెం సాగిపోయినవి వేరే గిన్నెలో ఎయ్యండి.

తరవాత క్యారేజీని ఎల్లకిలా తిప్పండి. అడుగున దారులు ఉంటాయి, సూదుల మడమలు వాటి ఎంబడి నడుస్తాయి. అక్కడ పాత ఆయిలు గడ్డకట్టి లక్కలాగ అయిపోయి ఉంటాది, డయలూ మీటలూ తిప్పితే బిగుతుగా ఉండేది దానివల్లే. స్పిరిట్టు రాసి, నానబెట్టి, తుడిసి, మళ్లీ రాయండి. ఇనుప ముక్కతో గోకొద్దు. శుభ్రమయ్యాక కుట్టుమిషన్ ఆయిల్ పల్చగా, గుడ్డకి రాసి గుడ్డతో తుడవడమే, పొయ్యకూడదు. ముందర ఊలు పట్టే ప్లేటు కింద సిన్న సిన్న బ్రష్షు సక్రాలుంటాయి, వాటికి ఊలు పోగులు సుట్టుకుపోయి తిరగకుండా ఉంటాయి, సూదితో ఒక్కో పోగూ లాగీయండి. కుట్లు రాలడానికి సగం కారణం అవే.

స్పాంజికి జపాను దాకా పోనక్కర్లేదు. కిటికీ సందులకి అంటించే ఫోము టేపు హార్డ్‌వేరు షాపులో దొరుకుతాది, సన్నగా కోసి పట్టీ పొట్టలో అంటించండి, పట్టీ అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి ఉండాలి. దాని మీద రిబ్బను ఎయ్యండి, లేపోతే సూదులు ఫోముని కొరికేస్తాయి.

పర్లాకిమిడి_బీటెక్ · జనవరి 4, రాత్రి 11:20

అక్కా, కేహెచ్-860 మాన్యువల్ స్కాన్ చేసి పెట్టింది ఉంది, లింకు మీకు మెసేజీలో పంపాను. ఇంగ్లీషే గానీ బొమ్మలు చూస్తే అర్థమైపోద్ది.

నేను ఈ గ్రూపులోకి వచ్చిందే మా మామ్మ మెషీను వల్ల. బ్రదర్ వాళ్లు ఇళ్లలో వాడే అల్లిక మెషీన్లు తయారుచెయ్యడం 1990ల చివర్లో ఆపేశారు. సిల్వర్ రీడ్ వాళ్లవి కొన్ని కొత్తవి ఇంకా దొరుకుతున్నాయి గానీ బ్రదర్ పాతవే. అంటే మన దగ్గరున్న ప్రతి బ్రదరూ పాతికేళ్లు దాటినదే, కంపెనీ నుంచి స్పేర్లు రావు, అయినా ప్రపంచంలో ఎక్కడెక్కడో ఇవి నడుస్తూనే ఉన్నాయంటే వాడేవాళ్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకోబట్టే. పాత మాన్యువళ్లు స్కాన్ చేసి ఊరికే పెట్టేది వాళ్లే, విరిగిన ప్లాస్టిక్ ముక్కలకి త్రీడీ ప్రింటు డిజైన్లు గీసి పెట్టేదీ వాళ్లే.

నాకు బాగా నచ్చింది ఎలక్ట్రానిక్ మెషీన్ల కథ. కేహెచ్-930ఈ అని ఒకటుంది, దానికి డిజైన్లు ఫ్లాపీ డ్రైవులో దాచుకునేవాళ్లు. 2010లో అమెరికాలో బెకీ స్టెర్న్, లిమోర్ ఫ్రైడ్ అనే ఇద్దరు, అంతకుముందు స్టీవ్ కాంక్లిన్ అనే ఆయన చేసిన పని ఆధారంగా, కంప్యూటరే ఫ్లాపీ డ్రైవు అని మెషీన్ని నమ్మించి తమకి కావల్సిన బొమ్మలు దాంట్లోకి ఎక్కించేశారు, ఎలా చేశారో మొత్తం అందరికీ చెప్పేశారు. ఆ తర్వాత అయాబ్ అని ఇంకోటి వచ్చింది, అది ఆర్డుయినో అనే చిన్న కంప్యూటరు లాంటి బోర్డు, మెషీను పాత బుర్ర స్థానంలో దీన్ని పెట్టేస్తే ల్యాప్‌టాపు నుంచే వరుస వరుసా డిజైను వెళ్తుంది, సర్క్యూటూ ప్రోగ్రామూ ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. మా మామ్మది కేహెచ్-940, బోర్డు చచ్చిపోయింది, నేను సెమిస్టరు సెలవుల్లో అయాబ్ పెట్టి లేపాను. మామ్మకి కంప్యూటర్ తెలీదు, నాకు టెన్షన్ డయలు, అంటే కుట్టు బిగువు మార్చేది, ఎంతలో పెట్టాలో తెలీదు, ఇద్దరం పక్కపక్కన కూచుంటేనే పని.

మీది పంచ్ కార్డు మెషీను, అంటే చిల్లుల అట్టతో డిజైను వచ్చేది, కాబట్టి ఆ గొడవేం లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

చంద్రగిరి_మేష్టారు · జనవరి 5, ఉదయం 7:48

మంచి చర్చ. నాదొక సందేహం, తప్పుగా అనుకోకండి. మా ఒడిశా చంద్రగిరిలో టిబెటన్లు 1963 నుంచి ఉంటున్నారు, చలికాలం వచ్చేసరికి లూధియానా సరుకు తెచ్చుకుని ఊరూరా స్వెట్టర్ల దుకాణాలు వేస్తారు, బరంపురం నుంచి విశాఖ దాకా ఎక్కడ చూసినా వాళ్లే. చౌక, రంగు బాగుంటుంది, రెండు మూడేళ్లు మన్నుతుంది. అలాంటప్పుడు కిరసనాయిలూ స్పిరిటూ పట్టుకుని రెండ్రోజులు ఎందుకు కష్టపడాలి? చేత్తో అల్లితే కళ అంటారు, మెషీను మీద అల్లింది కళా కాదు, కొట్లో దొరికే చౌకా కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

జయపురం_పెద్దమ్మ · జనవరి 5, ఉదయం 10:30

మేష్టారూ మంచి ప్రశ్నే అడిగారు, కొంచెం పొడుగ్గా చెప్తాను.

మెషీను అంటే బటన్ నొక్కితే స్వెట్టరు పడిపోతుందనుకుంటారు చాలామంది. మా మనవడూ అలాగే అనుకున్నాడు. క్యారేజీ లాగేది నా చెయ్యే, ఒక్క వెనక భాగానికి 160 సార్లు లాగాలి, భుజం పట్టేస్తుంది. చంక తగ్గించాలంటే ఒక్కో కుట్టూ చిన్న కొక్కెం పనిముట్టుతో తీసి పక్క సూది మీద పెట్టాలి. అల్లికని కిందికి లాగే బరువులు ఎక్కడ తగిలించాలో, ఎప్పుడు పైకి జరపాలో చెయ్యే చెప్పాలి, జరపడం మర్చిపోతే అంచు కుట్లు లేచి వచ్చేస్తాయి. క్యారేజీ శబ్దం మారితే నేను చూడకుండానే ఆగిపోతాను, ఎక్కడో కుట్టు తప్పిందని చెవికి తెలిసిపోతుంది. ఇదంతా నేర్చుకోడానికి నాకు రెండు చలికాలాలు పట్టింది. ఇది చేతిపని కాదంటే ఎలా?

ఇంక చౌక సంగతి. కొట్లో స్వెట్టరు చిన్నా, పెద్దా, మధ్యరకం అని మూడే కొలతలు. పొడుగు చేతుల పిల్లాడికి మణికట్లు బయటికే ఉంటాయి. మా ఎదురింటి అబ్బాయికి ఒక భుజం కిందికి ఉంటుంది, వాడికి నేను అల్లితే తప్ప సరిపోదు. అన్నిటికన్నా ముఖ్యం, అల్లిన స్వెట్టరు విప్పచ్చు. పిల్ల ఎదిగితే కింద నుంచి విప్పి, ఊలు చిలప చుట్టి, తడిపి ఆరేసి, ఇంకో రంగు కలిపి మళ్లీ అల్లుతాం. ఒక్క ఎర్ర ఊలుతో మా ముగ్గురు పిల్లలూ పెరిగారు. కొట్లో చాలా స్వెట్టర్లు కత్తిరించి కుట్టినవి, వాటిని విప్పితే ముక్కలే వస్తాయి.

బరంపురం_మగ్గం · జనవరి 5, మధ్యాహ్నం 1:12

మేష్టారి ప్రశ్న కొత్తదేం కాదు. విలియం లీ అనే ఆయన 1589లో ఇంగ్లండులో మేజోళ్లు అల్లే మొదటి యంత్రం చేశాడు, దానిమీద బతికిన పల్లెల్లోనే 1811లో పనివాళ్లు యంత్రాలు విరగ్గొట్టారు, చౌకసరుకు వచ్చి మంచి పనికి కూలీ పడిపోయిందని. యంత్రం మీద కోపంతో కన్నా తమ పనితనానికి విలువ పోయిందన్న కడుపుమంటతో. మాది నేత ఇల్లు, పట్టుచీరలు, ఆ మంట మాకు బాగా తెలుసు.

నేను ఈ గ్రూపులో ఎందుకున్నానో చెప్తాను. మా మేనకోడలు పంచ్ కార్డు ఒకటి పట్టుకొచ్చి మావయ్యా ఇదేంటో చూడు అంది. చూడగానే నవ్వొచ్చింది. మగ్గం మీద జకార్డు అట్టలు కదా ఇవి! అక్కడ చిల్లు ఉంటే పోగు లేస్తుంది, ఇక్కడ చిల్లు ఉంటే సూది ముందుకొస్తుంది, అంతే తేడా. ఫ్రాన్సులో జకార్డు చేసిన మగ్గం 1804 నాటిది, అదే ఆలోచన. ఈ కార్డులో అడ్డంగా 24 గళ్లు, అంటే ప్రతి 24 కుట్లకీ డిజైను తిరిగి మొదలవుతుంది. అట్టలు కొట్టడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు కాబట్టి ఖాళీ కార్డు తీసుకుని మా బరంపురం చీర కుంభం అంచు గీసి కొట్టిచ్చాను. 12 కుట్ల వెడల్పు కుంభం, పక్కపక్కన రెండు, మొత్తం 24.

కోడలమ్మకి కావాలంటే ఆ కార్డు నకలు పంపుతాను.

జయపురం_పెద్దమ్మ · జనవరి 5, మధ్యాహ్నం 3:50

బాబూ అంచు చాలా బాగుంది, మీ మేనకోడలు పెట్టిన ఫొటో చూశాను. కానీ చిన్నపిల్లకి మాత్రం అది వద్దు. కుంభం అడుగు వరుసలో 11 కుట్లు ఒకే రంగు వస్తాయి, అంటే రెండో రంగు ఊలు వెనకాల 11 కుట్ల పొడుగునా వదులుగా వేలాడుతుంది. పిల్ల చెయ్యి దూర్చేటప్పుడు వేళ్లు దాంట్లో ఇరుక్కుంటాయి, లాగిందంటే ముందువైపు ముడతపడుతుంది. నేను మొదట్లో ఇలాగే పెద్ద పెద్ద నెమళ్లు వేసి తర్వాత వెనక పోగులన్నీ సూదితో కుట్టుకుంటూ కూచున్నాను. నా లెక్క అయిదు కుట్లు, దానికి మించి వెనక పోగు ఉండకూడదు.

బరంపురం_మగ్గం · జనవరి 5, సాయంత్రం 6:22

నిజమే అమ్మా, నాకు ఆ ఆలోచన రాలేదు. చీరలో వెనక పోగు కోసేస్తాం, అల్లికలో కొయ్యలేం కదా.

అయితే 6 కుట్ల కుంభం చేద్దాం, 24లో నాలుగు పడతాయి. అడుగు వరుసలు రెండు: 5 చిల్లులు, 1 ఖాళీ. దాని మీద రెండు: 3 చిల్లులు, 3 ఖాళీ. పైన రెండు: 1 చిల్లు, 5 ఖాళీ. ఒక్కో వరుస రెండుసార్లు వెయ్యమంటున్నది ఎందుకంటే అల్లిక కుట్టు వెడల్పు ఎక్కువ ఎత్తు తక్కువ, ఒకేసారి వేస్తే కుంభం నలిగిపోయినట్టు కనిపిస్తుంది. వెనక పోగు ఎక్కడా అయిదు దాటదు. ఈ రాత్రి కార్డు కొట్టి రేపు కొరియర్‌లో వేస్తాను.

చంద్రగిరి_మేష్టారు · జనవరి 5, రాత్రి 8:05

నా ప్రశ్నకి జవాబు దొరికింది, ముఖ్యంగా విప్పచ్చు అన్న మాట. మా అమ్మ కూడా స్వెట్టర్ విప్పి ఊలు కుర్చీ కాళ్లకి చుట్టేది, నేను రెండు చేతులూ చాపి నిలబడేవాణ్ని. చాలా ఏళ్లకి గుర్తొచ్చింది. ధన్యవాదాలు.

సునాబెడ_కోడలు · జనవరి 9, రాత్రి 9:30

నాలుగు రోజులు కనపడలేదు, పనిలోనే ఉన్నాను. చెప్పిన ప్రకారం అన్నీ చేశాను. 200 సూదుల్లో 11 నాలుకలు పోయినవి తేలాయి. కొత్త ఫోము వేశాను, రిబ్బను పాప గౌను రిబ్బనే. నిన్న రాత్రి క్యారేజీ ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్క ఊపులో వెళ్లింది!! ఆ చప్పుడుకి మామయ్యగారు పక్కగదిలోంచి లేచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయారు. ఏమీ అనలేదు. కుర్చీ లాక్కుని చాలాసేపు కూర్చున్నారు.

11 సూదులు ఎక్కడ కొనాలి?

రాయగడ_మిషన్_షాపు · జనవరి 9, రాత్రి 9:58

శాన సంతోషం అమ్మా. సూదులు ఇప్పుడే కొనొద్దు. రెండు సివర్ల సూదులు ఎవులూ వాడరు, పిల్లల స్వెట్టరుకి మధ్యలో ఓ వంద సాలు. సివర్లలో ఉన్న మంచివి తీసి మధ్యలో పెట్టండి, పాడైనవి సివరకి తోసీయండి. నా దగ్గరకొచ్చిన సగం మిషన్లు అలాగే నడుస్తున్నాయి.

పర్లాకిమిడి_బీటెక్ · జనవరి 9, రాత్రి 10:10

అక్కా ఇప్పుడు ఆ నోటు పుస్తకం పెట్టండి, వారం నుంచి ఎదురుచూస్తున్నా.

సునాబెడ_కోడలు · జనవరి 10, మధ్యాహ్నం 12:15

పెడుతున్నాను. ఒక్కో వయసుకి ఒక్కో పేజీ. ఆరేళ్ల పేజీ ఉన్నదున్నట్టు:

ఆరేళ్లు – టె 6 – 28/40
96
రిబ్బు 20
ఒళ్లు 84
చంక 5-3-2
వీ 4కి 1 – 14
భుజం 24
చెయ్యి 44 – 6కి 1 – 16
పట్టీ 70–42

ముదురు నీలం రంగు పక్కన ప్రతి పేజీలోనూ "మై" అని రాసి సున్నా చుట్టి ఉంది. టె అంటే టెన్షన్ అని ఊహించాను. 96 కుట్లతో మొదలు, కింద అంచు రిబ్బు 20 వరుసలు, ఒళ్లు 84 వరుసలు, అంతవరకూ సరే. పట్టీ 70–42, అంటే గొంతు పట్టీ, దగ్గర ఆగిపోయాను. రెండూ కలిపితే 112 కదా అని గొంతు చుట్టూ 112 సూదుల మీద ఎక్కించబోతే ఎంత లాగినా రావట్లేదు, వీ కొస అటూ ఇటూ ఒకేచోట ఉండాల్సింది మెషీను మీద అడుగున్నర దూరం పోతోంది.

జయపురం_పెద్దమ్మ · జనవరి 10, మధ్యాహ్నం 12:58

అమ్మాయ్.

నా పుస్తకం తెచ్చి పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఆరేళ్ల పేజీ: 96, 20, 84, 5-3-2. ఒక్క అంకె తేడా లేదు. నేను 1988లో మా ఆయన ఉద్యోగం కొరాపుట్‌లో ఉన్నప్పుడు వారానికి రెండ్రోజులు బస్సెక్కి సునాబెడ టౌన్‌షిప్పుకి వెళ్లేదాన్ని, అక్కడ ఒకావిడ ఇంట్లో వరండాలో మెషీను నేర్పేవారు, తమిళావిడ, తెలుగు వచ్చీరాకుండా మాట్లాడేవారు. ఏడెనిమిదిమందిమి ఉండేవాళ్లం. మీ అత్తగారు పొడుగ్గా, ముక్కుకి రెండుపక్కలా పుడకలు, పార్వతీపురం యాస కదూ?

సునాబెడ_కోడలు · జనవరి 10, మధ్యాహ్నం 1:03

అవునండి. రెండు పుడకలు. ఆవిడే.

జయపురం_పెద్దమ్మ · జనవరి 10, మధ్యాహ్నం 1:40

పోయారని నాకు తెలీదు తల్లీ. మేం జయపురం వచ్చేశాక ఒకటి రెండు ఉత్తరాలు నడిచాయి, తర్వాత ఆగిపోయాయి. కొంచెంసేపు ఆగి రాస్తాను.

జయపురం_పెద్దమ్మ · జనవరి 10, సాయంత్రం 4:25

ఇప్పుడు పేజీ చదువుదాం, ఇది నేర్చుకోబోయే వాళ్లందరికీ కూడా.

28/40 అంటే పది సెంటీమీటర్లకి 28 కుట్లు, 40 వరుసలు. ముందు మచ్చు ముక్క అల్లి నీ ఊలుతో ఆ లెక్క వస్తోందో లేదో చూసుకో. అల్లిన వెంటనే కొలవకు, బరువులకి సాగి ఉంటుంది, ఒక రాత్రి వదిలెయ్. రాకపోతే డయలు మార్చు. చేతి అల్లికకి అమ్మే లావు ఊలు ఈ మెషీను పట్టదు, సన్నం అడుగు. అక్రిలిక్ అయితే ఇస్త్రీ పెట్టె ఆనించొద్దు, ఆవిరి దూరం నుంచి చూపిస్తే చాలు, వేడి తగిలిందా పీలికలా వేలాడిపోతుంది.

96 కుట్లంటే 34 సెంటీమీటర్లు, ముందు ఒకటి వెనక ఒకటి. చంక 5-3-2, రెండు పక్కలా పది పది పోతే 76 మిగులుతాయి. వీ గొంతుకి సగంలో విడదియ్యి, 38, 38. ఒక పక్క సూదులన్నీ ముందుకి లాగి హోల్డులో, అంటే అల్లకుండా ఆగేలా, పెట్టి రెండో పక్క అల్లు, నాలుగు వరుసలకోసారి గొంతువైపు ఒక కుట్టు తగ్గించు, 14 సార్లు. 38లో 14 పోతే 24, అదే భుజం. వెనక ముక్కకి కూడా 76లో రెండు భుజాలు పోతే మెడకి 28 మిగిలాయి చూడు. చెయ్యి కింద నుంచి పైకి, 44తో మొదలుపెట్టి ఆరు వరుసలకోసారి రెండు పక్కలా ఒక్కోటి పెంచు, 16 సార్లు, 76 అవుతుంది.

"మై" అంటే మైనం. ముదురు నీలం, నలుపు ఊలు రంగు ఎక్కువ పట్టి గరుకుగా ఉంటుంది, సూదుల మీద జారదు, కుట్టు బిగుస్తుంది. ఉండ చుట్టేటప్పుడు కొవ్వొత్తి ముక్క మీంచి పోనిమ్మనేవారు టీచరుగారు. మీ అత్తగారు ఒకసారి మైనం మర్చిపోయి స్కూలు స్వెట్టర్లు మూడు చిన్నవైపోయి మళ్లీ అల్లారు, ఆ సున్నా అప్పుడు చుట్టిందే అయ్యుంటుంది.

పట్టీ 70–42 ఒకటి కాదు, రెండు ముక్కలు. కుడి భుజం కలిపి కుట్టు, ఎడమ భుజం తెరిచి ఉంచు. వెనక మెడ 28, కుడివైపు వీ అంచున 56 వరుసలున్నాయి, నాలుగుకి మూడు చొప్పున ఎత్తితే 42. 28, 42 కలిపి 70, అదొక ముక్క. ఎడమవైపు 42, అది రెండో ముక్క. ఒక్కోటీ 16 వరుసలు, సూది విడిచి సూది, డయలు రెండంకెలు బిగించి. మధ్యకి మడిచి లోపలివైపు కుట్టెయ్యి. అప్పుడు ఎడమ భుజం కలుపు. వీ కొస దగ్గర ఒక పట్టీ మీద ఇంకో పట్టీ పడుకోబెట్టి లోపల కుట్టడమే, ఆడపిల్ల కాబట్టి కుడిది పైన.

పర్లాకిమిడి_బీటెక్ · జనవరి 10, సాయంత్రం 5:10

పెద్దమ్మా, అక్కా, మీ ఇద్దరి పుస్తకాలూ పేజీ పేజీ ఫొటో తీసి పంపిస్తారా? అన్ని వయసులూ టైపు చేసి, పక్కన ఈ వివరణ పెట్టి, గ్రూపులో అందరికీ కనిపించేలా పైన పెడదాం. తెలుగులో ఇలాంటిది నాకెక్కడా దొరకలేదు. మా మామ్మ కూడా చూసి 84 కాదురా మేం 88 వేసేవాళ్లం అంటోంది, ఆవిడ లెక్క కూడా పెడతాను.

రాయగడ_మిషన్_షాపు · జనవరి 10, సాయంత్రం 6:02

స్పాంజి మార్సేది నాను ఫోనులో వీడియో తీసి ఇస్తాను, అదీ పెట్టు బాబూ.

సునాబెడ_కోడలు · జనవరి 10, రాత్రి 9:15

పుస్తకంలో చివరి రెండు పేజీలు చెదలు తినేశాయి, పన్నెండేళ్లు, పద్నాలుగేళ్లు. పెద్దమ్మగారూ మీ పుస్తకంలో ఉన్నాయా? ఉంటే ఫొటో వద్దు, ఆదివారం పొద్దున బస్సుకి ఘాటీ దిగి వస్తాను. పాపనీ మామయ్యగారినీ తీసుకొస్తున్నాను, ఆయన మీతో మాట్లాడాలంటున్నారు. ముదురు నీలం ఊలు, కొవ్వొత్తి నేనే తెస్తాను.

జయపురం_పెద్దమ్మ · జనవరి 10, రాత్రి 9:31

ఉన్నాయి. పద్నాలుగేళ్లు 124తో మొదలు. రండి, మెషీను టేబుల్‌కి బిగించి ఉంచుతాను.